పండుగప్ప రాని ఏడు

ఈ మధ్య తాడేపల్లిగూడెంలో దగ్గరి బంధువుల పెళ్లి విందుకి వెళ్లాను. వడ్డించే ఆయన అరచేతంత చేపముక్క నా విస్తట్లో పెట్టి, "పండుగప్పండి, వేడి మీద తినండి" అన్నాడు. ఎక్కడిదని అడిగాను. "చెరువుదేనండి. ఏటి పండుగప్ప ఇంకెక్కడ దొరుకుద్దండీ?" అని నవ్వి, బేసిన్ చంకన పెట్టుకుని పక్క వరసకి వెళ్లిపోయాడు. ముక్క తెల్లగా, మెత్తగా ఉంది. మసాలా బాగానే పట్టింది. పక్కనున్నవాళ్లు లొట్టలు వేస్తూ తింటున్నారు. నేనూ తిన్నాను, పారేయలేదు. కానీ ఆ పేరు చెవిన పడ్డాక నా ధ్యాస ఆ హాల్లో లేదు. చేతులు కడుక్కుని బయటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడాలనిపించక, చెప్పుల స్టాండు పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. మా దేవదానం మావయ్య గుర్తొచ్చాడు.

ఆయన మా నాన్నగారి చెల్లెలు రత్నమత్త భర్త. ఆకివీడు దాటాక ఉప్పుటేరు గట్టు మీదున్న చిన్న ఊరు వాళ్లది. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోయే దారి ఆ ఏరే. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీళ్లు పైకి ఎగదన్నుకొచ్చే దారీ అదే. నేను ఏలూరు కాలేజీలో జువాలజీ చదివి, ఆ పైన పరిశోధనకి చేరినప్పుడు మా మేడంగారు నాకిచ్చిన పని ఆ దారి మీదే. పండుగప్ప, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లలు వేలెడంత కూడా ఉండవు, వానాకాలంలో ఏటికి ఎదురీది మంచినీళ్లలోకి వస్తాయి. అక్కడ పెరిగి పెద్దవై మళ్లీ సముద్రానికి పోతాయి. ఆ పిల్లలు ఉప్పుటేరులో ఏ నెలల్లో, ఎంత ఉప్పులో, ఎక్కడిదాకా వస్తున్నాయో చూడాలి. "మీ మేనత్తగారి ఊరు గట్టు మీదే కదమ్మా, అక్కడే ఉండి చెయ్యి. ఆడపిల్లవి, నిన్ను ఎవరింట్లో దించాలా అని నేను బెంగపడక్కర్లేదు" అన్నారు మేడంగారు. పరిశోధనకి అంతకంటే పెద్ద కారణాలేవీ లేవు. మా నాన్నగారు సరేనన్నది కూడా అందుకే.

అత్తవాళ్లది రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా. తెల్లారకముందే అత్త లేచి వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, సన్నగా ఒక కీర్తన మొదలుపెట్టేది. సరుగుడు పుల్లలు చిటపటమంటుంటే ఆ కీర్తన మధ్యలో ఆగి "ఒసే, పాలు పొంగుతున్నాయే" అని తనని తానే తిట్టుకుని, వదిలిన చోటినుంచే మళ్లీ అందుకునేది. పెరట్లో తాటాకు చాపల మీద చిన్న రొయ్యలు ఎండుతుండేవి. ఎండెక్కేకొద్దీ ఆ వాసన ఇల్లంతా నిండేది. మొదటి వారం తలనొప్పి వచ్చింది. తర్వాత అదే ఇంటి వాసన అయిపోయింది. చేపలు కుళ్లకుండా వేసే నా ఫార్మలిన్ సీసాలతోనే పేచీ వచ్చింది. మూత తీస్తే కళ్లలోంచి నీళ్లు కారేవి. అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చచ్చిన చేపకి మళ్లీ మందేంటే తల్లీ? ఇది వంటింటి గడప తొక్కిందంటే నేనూరుకోను" అంది. అందుకని సీసాలన్నీ జామచెట్టు అవతల, పాత కోళ్లగూటిలో పెట్టుకున్నాను. బజారుకెళ్లి వచ్చినా, చర్చికెళ్లి వచ్చినా అత్త ముందు నా చేతులు వాసన చూసి ఆ తర్వాతే కంచం ముందు కూర్చోనిచ్చేది.

మావయ్య పొడగరి. ఎడమ చెవి వినపడదు. అందుకని ఎవరు మాట్లాడినా తల కుడివైపు కాస్త వంచి, ఎంత చిన్నమాటైనా పెద్ద సంగతన్నట్టు వినేవాడు. చిన్నప్పట్నించీ ఏట్లో వేటే ఆయన బతుకు. చుట్టూ పొలాలు చేపల చెరువులైపోయి, ఆయన ఈడువాళ్లందరూ చెరువుల్లో కూలికి కుదిరినా ఆయన వెళ్లలేదు. పొద్దున్నే గట్టు దిగి, నీళ్లలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసేవాడు. "ఇవాళ పోటు బాగా తగిలింది" అనేవాడు. నేను నా పరికరం గాజు మీద ఒక చుక్క వేసి, వెలుతురుకి ఎత్తిపట్టి ఉప్పు ఎంతుందో చూసేదాన్ని. "నీ దుర్భిణీ ఏమంటంది?" అని అడిగేవాడు. ఒక్కోసారి ఇద్దరి మాటా ఒకటయ్యేది, ఒక్కోసారి కాదు. కాకపోతే నవ్వి, "అయితే నా నాలిక ముసల్దైందన్నమాట" అనేవాడు. ఆయన దగ్గర నాకు మా నాన్నగారి దగ్గర కూడా లేని చనువుండేది.

ఆయన మాటల్లో పండుగప్ప ఒట్టి చేప కాదు. ఆయన పెళ్లి విందు పండుగప్పే. చర్చికి కొత్త పైకప్పు వేసిన రోజున, ఊరందరికీ సరిపోయిన చేపని తనూ, తన అన్నా కావిడి మీద మోసుకొచ్చిన కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ చేప ఇంకొంచెం పొడుగయ్యేది. "పైన వానలు పడి, కొల్లేట్లోకి ఎర్రనీరు దిగాలమ్మా. ఆ కొత్తనీరు ఈ ఏట్లోంచి పోయి సముద్రంలో కలవాలి. ఆ వాసన తగిలిందంటే పిల్ల ఆగదు. తల్లి పిలిచినట్టు వచ్చేస్తది" అనేవాడు. నేను ఇంగ్లీషు పుస్తకాల్లో చదువుకున్నదీ దాదాపు అదే. అందుకే ఆయనా నేనూ ఒకే చేప కోసం, ఒకే నమ్మకంతో ఎదురుచూశాం.

అది ఎండాకాలం చివర. చెరువుల్లో పట్టుబడులు జరుగుతున్నాయి. చేపల్ని పట్టేశాక అడుగున మిగిలిన నీళ్లని ఇంజన్లు పెట్టి ఏట్లోకి తోడతారు. కోడిపెంట, తౌడు, మందులు అన్నీ మురిగిన నీళ్లు అవి. ఇంజన్ల చప్పుడు రెండ్రోజుల నుంచీ వినిపిస్తూనే ఉంది. ఆ పొద్దున అత్త పిలవకముందే మెలకువ వచ్చింది. గట్టు మీద జనం మాటలు వినపడుతున్నాయి. వెళ్లి చూస్తే ఏరు నల్లటి డికాక్షన్ లాగా ఉంది. ఇంగిలాయిలు, జెల్లలు, గొరకలు, ఏట్లో చేపలన్నీ నీటి పైపైన నోళ్లు తెరిచి గాలి కోసం ఎగపోస్తున్నాయి. పీతలు నీళ్లలో ఉండలేక గట్టెక్కి, గడ్డిలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాయి. ఆడవాళ్లు గంపలు తెచ్చి చేతులతోనే ఏరుకుంటున్నారు. వలతో పనే లేదు.

నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో చూడ్డానికి మాకో పద్ధతి ఉండేది. సీసా నింపి రెండు మందులు వేస్తే, గాలి ఉన్న నీళ్లలో గోధుమరంగు తెట్టు కడుతుంది. ఎంత ముదురు రంగైతే అంత గాలి. ఆ రోజు సీసాలో పడింది తెల్లటి తెట్టు. సున్నం కలిపినట్టు. మందు తప్పు వేశానేమోనని ఇంకో సీసా నింపాను. అదీ తెల్లగానే ఉంది. మావయ్య నా భుజం మీంచి చూసి, "తెలుపంటే మంచిదామ్మా?" అని అడిగాడు. "కాదు మావయ్యా. నీళ్లలో గాలే లేదు" అన్నాను. ఆయన తన కాళ్ల దగ్గరికి వచ్చిన పీతని మెల్లగా పక్కకి జరిపి, అలాగే గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు ఊళ్లో ప్రతి ఇంటా చేపల కూరే. అత్త మాత్రం పొయ్యి మీద పప్పు పడేసింది. "ఊపిరాడక చచ్చినదాన్ని నేను వండలేను" అంది.

చెరువుల నీళ్లు ఏట్లోకి వదలొద్దని ఊళ్లో చేపల వేటగాళ్లు కలిసి అధికారులకి అర్జీ పెట్టుకున్నారు. దానికి జవాబు వచ్చేలోపు వానలు మొదలయ్యాయి. ఎర్రనీరు దిగింది. మావయ్యలో మళ్లీ ప్రాణం వచ్చింది. "కడిగేస్తదమ్మా, కొత్తనీరు అన్నిట్నీ కడిగేస్తది" అంటూ సన్నకన్ను వల బాగు చేసుకున్నాడు. మేం పొద్దున్నే మొదలుపెట్టి, గట్టంట లాగుకుంటూ పోయేవాళ్లం. నడుంలోతు నీళ్లలో ఆయన ఒక కొస, నేనొక కొస. నా చుడీదారు బురదతో తడిసి బిగుసుకుపోయేది. గుర్రపుడెక్క కాళ్లకి చుట్టుకునేది. వల ఎత్తితే తిలాపియా పిల్లలు, నత్తలు, కుళ్లిన ఆకు, ప్లాస్టిక్ సంచులు. తెల్లటి పళ్లెంలో ఒంపుకుని ఒక్కొక్కటీ వేరు చేసేదాన్ని. లేదు. పైకి, కొల్లేటి వైపు వెళ్లి లాగాం. లేదు. బస్సెక్కి కింద మొగల్తూరు దాకా వెళ్లి లాగాం. అక్కడా లేదు.

ఒకరోజు మావయ్య పెద్దగా కేక పెట్టాడు. "కరుణమ్మా! వచ్చింది, వచ్చింది! ఇదుగో, అదే!" దోసిట్లో నీళ్లతో సహా పట్టుకుని తెచ్చాడు. పరుగెత్తుకెళ్లి చూశాను. అదే వీపు వంపు, అదే నోరు. పండుగప్ప పిల్లకి ముక్కు దగ్గర్నించి నడినెత్తి మీదుగా లేతరంగు చార ఒకటి ఉంటుంది. పళ్లెంలో వేసి, భూతద్దం పెట్టి ఆ చార కోసం చూశాను. పక్కకి తిప్పి చూశాను. లేదు. వెలుతురుకి పట్టుకుంటే ఒళ్లంతా గాజులాగా ఉంది, వెన్నుపూస లోపల్నించి కనిపిస్తోంది. అది పోలికలున్న వేరే చేప. ఎంత పెరిగినా వేలెడే ఉండేది. అన్నేళ్లు వేటాడిన మనిషికి ఆ తేడా తెలియదా? కళ్లు మసకేశాయో, చూడాలనుకున్నదే చూశాడో నాకు తెలియదు. నేను తలెత్తేసరికి ఆయన నా మొహం కేసి చూస్తున్నాడు. "పోన్లే అమ్మా, రేపు చూద్దాం" అన్నాడు. ఆ చేపని తీసుకెళ్లి నీళ్లలో వదిలేశాడు.

మేడంగారు ఏలూరు నుంచి వచ్చి నా సీసాలన్నీ చూశారు. నేను ఏడుపు ఆపుకుంటూ, నాకు పట్టడం చేతకాలేదేమోనన్నాను. ఆవిడ గొడుగు పక్కన పెట్టి వసారాలో కూర్చుని, "ఉంది అని రాయడానికి ఒక్క చేప చాలు కరుణా. లేదు అని రాయాలంటే ఏడాదంతా ఓపిక పట్టాలి. ఇంకా లాగు" అన్నారు. అత్త ఇచ్చిన టీ తాగి, మావయ్య వైపు చూసి, "మీకు శ్రమ ఇస్తున్నామండి" అన్నారు. "శ్రమేముందండీ, నాకు మాత్రం వేరే పనేముంది" అన్నాడాయన. చలికాలం వచ్చేదాకా లాగాం.

అర్జీ విచారణకి ఒక ఆఫీసరుగారు వచ్చింది ఆ చలికాలంలోనే. స్కూలు వరండాలో బల్ల వేశారు. ఒకవైపు వేటగాళ్లు, ఇంకోవైపు చెరువుల తరఫున వచ్చిన నలుగురు పెద్దమనుషులు. మావయ్య ఆదివారం చర్చికేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. "ఈ అమ్మాయి కాలేజీలో ఇదే చదువుతందండి. ఏరంతా తిరిగి చూసింది. అడగండి" అని నన్ను ముందుకి తోశాడు. ఆయన గొంతులో గర్వం.

ఆఫీసరుగారు మర్యాదగానే అడిగారు. "ఏమ్మా, ఏట్లో పండుగప్ప పిల్ల వస్తోందా?"

"ఈ ఏడు రాలేదండి" అన్నాను. చెరువుల నీళ్లు వదిలిన రోజు ఏరు ఎలా ఉందో, సీసాలో రంగు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఆ పెద్దమనుషుల్లో ఒకాయన, బట్టతల, చాలా నెమ్మదైన మనిషి, చెయ్యెత్తి అందుకున్నాడు.

"ఏవండీ ఆఫీసరుగారూ, కోప్పడకండి, ఒక్క మాటండి. చదువుకున్న అమ్మాయే చెప్తంది కదండీ, ఏట్లో చేప లేదని. చేపే లేనప్పుడు ఇంక మా నీళ్లవల్ల పోయేదేవుందండి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరుగారు నవ్వలేదు. నన్నే అడిగారు. "ఇంతకుముందు ఎంత వచ్చేదో లెక్కలేమన్నా ఉన్నాయా అమ్మా? అవి ఉంటే ఏమన్నా చెయ్యొచ్చు."

లేవు. నేను కాలేజీ లైబ్రరీ అంతా వెతికాను, మేడంగారూ వెతికారు. ఉన్నంతకాలం ఆ చేపని ఎవరూ లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెడతారు? మొట్టమొదటి లెక్క నాదే, అది సున్నా. "ఇంతకుముందు ఎవరూ చూడలేదండి" అన్నాను. వెనకనుంచి మావయ్య, "నేను చూశానండి! నేను పట్టానండి, మా నాన్న పట్టాడండి!" అని అరిచాడు. వినపడని చెవి వల్ల ఆయన గొంతు ఎప్పుడూ అవసరం కంటే పెద్దగానే ఉంటుంది. "అది సాక్ష్యం కాదు కదండీ" అన్నారు ఆఫీసరుగారు, చాలా మెత్తగా. ఆ మెత్తదనమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక అత్త పొయ్యి దగ్గర్నించి లేవకుండానే అంది, "ఒక్క పిల్లన్నా వచ్చిందని అంటే నీ సొమ్మేం పోయేదే?" మావయ్య చొక్కా విప్పి దండెం మీద వేస్తూ, "ఊరుకో రత్నం. అబద్ధమాడితే ఏరు బతుకుద్దేంటి?" అన్నాడు. నేను పండుగప్పలు లేవని రుజువు చేయడానికి ఆ ఇంటికి రాలేదు. వాటిని వెతకడానికి వచ్చాను. నా లెక్క ఒప్పు, ఆయన నమ్మకం తప్పు. నా పరిశోధన పూర్తయింది, పట్టా వచ్చింది, మేడంగారు మెచ్చుకున్నారు కూడా. నా చదువులో నేను నెగ్గింది అక్కడొక్కచోటే, అక్కడే ఓడిపోవాలని ఎంతగానో కోరుకున్నాను.

అర్జీ అక్కడితోనే ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకి కొల్లేట్లో అక్రమంగా తవ్విన చెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి. మావయ్య నాకు ఫోన్ చేసి, "కొట్టేత్తన్నారమ్మా! ఇంక చూడు, వచ్చే ఎర్రనీటికి వచ్చేస్తాయి" అన్నాడు. ఆ వానాకాలమంతా ఒక్కడే దిగి వల లాగాడట. అత్త చెప్పింది. ఏమీ పడలేదు. గట్లు కొన్నాళ్లకి ఒక్కొక్కటే మళ్లీ లేచాయి. మావయ్యకి కళ్లు బొత్తిగా ఆనకుండా పోయాక, ఏ చెరువుల్లో కూలికి వెళ్లనన్నాడో ఆ చెరువుల్లోనే ఒకదానికి కాపలాకి కుదిరాడు. నేను చూడ్డానికి వెళ్తే గట్టు మీద పాకలో మంచం వాల్చి ఉన్నాడు. పక్షులు వాలకుండా చెరువుకి అడ్డంగా కట్టిన తాళ్లని అప్పుడప్పుడు లాగి, వాటికున్న డబ్బాలు మోగించడం ఆయన పని. "బాగుందమ్మా, కూర్చుని చేసే పనే" అన్నాడు. ఏరు అక్కడికి కూతవేటు దూరం. ఒక్కసారి కూడా అటు తల తిప్పలేదు. మరుసటేడు జ్వరం వచ్చి పోయాడు. అత్త కొవ్వూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

నేనిప్పుడు ఏలూరులో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తున్నాను. రైతులు చెరువు నీళ్లు సీసాల్లో తెస్తారు, ఏం మందు వెయ్యాలో చెప్తాను. ఆ చదువుకి ఈ జిల్లాలో దొరికిన ఉద్యోగం ఇదే. పెదపాడు వెళ్లే దారిలో నా చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి వరి వాసన లోపలికి వచ్చేది. ఇప్పుడు రెండువైపులా చెరువుల నీళ్లు, వాటికి గాలి ఎక్కిస్తూ తిరిగే చక్రాల చప్పుడు. ఉంగుటూరు వైపు కూడా బోర్లలో ఉప్పు తగులుతోందని ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వచ్చి అడుగుతుంటారు. పరీక్ష చేసి ఎంత ఉప్పుందో చెప్తాను. చెప్పగలిగింది అంతవరకే.

కిందటి నెల కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఉప్పుటేరు మీదే ప్రాజెక్టు ఇచ్చారట, ఒకసారి చూపించమని బతిమాలింది. తీసుకెళ్లాను. అత్తవాళ్ల ఇంటి చోట ఇప్పుడు మేత బస్తాల గోడౌన్ ఉంది. ఏరంతా గుర్రపుడెక్క కమ్మేసి, నీళ్లు కనపడాలంటే కర్రతో పక్కకి నెట్టాల్సి వచ్చింది. ఆ అమ్మాయి చురుకైంది. చెప్పులు విప్పి, మొహమాటం లేకుండా బురదలోకి దిగి సీసా నింపుకుంది. చేతిలో చక్కటి కొత్త మీటరు. మోకాళ్లదాకా నల్లబురదతో నిలబడి, నా వైపు తిరిగి నవ్వుతూ అడిగింది.

"మేడం, ఇక్కడ నేను దేనికోసం వెతకాలండి?"

పండుగప్ప అనబోయి ఆగాను. ఏ పేరు చెప్పినా ఆ పిల్ల దాన్ని నమ్మి ఏడాదంతా ఈ నీళ్లలో తిరుగుతుంది. "ముందు గట్టెక్కమ్మా, కాళ్లు కడుక్కుందువుగాని" అన్నాను. కడుక్కోవడానికి మంచినీళ్లు ఎక్కడున్నాయా అని ఇద్దరం చుట్టూ చూశాం.